అది పెట్టుబడి అని బాపుకు చెప్పకు తమ్మీ

ప్రశ్న: అన్నా, మాది నల్లగొండ. నాకు 28 ఏళ్లు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను, రోజూ బస్సులో పోయి వస్తాను. నాలుగేళ్ల నుంచి కలెక్టబుల్ బొమ్మలు కొంటున్నాను. 1/6 సైజువి (అంటే మనిషి ఎత్తులో ఆరో వంతు) మూడు, జపాన్ పీవీసీ ప్లాస్టిక్‌వి నాలుగు ఉన్నాయి. మొదటి జీతంతో కొన్న గోకు (డ్రాగన్ బాల్ కార్టూన్ హీరో) టేబుల్ మీద ఉంటాడు, వాణ్ణి చూడకుండా పొద్దున ఇంట్లోంచి బయటికి పోను. ఇప్పుడు ఒక 1/4 బ్యాట్‌మ్యాన్ స్టాచ్యూ కొందామనుకుంటున్నా. లిమిటెడ్ ఎడిషన్, ప్రపంచం మొత్తానికి 1500 మాత్రమే అంట. ఎక్స్‌క్లూజివ్ వెర్షన్‌లో అదనంగా ఇంకో తల వస్తుంది, అన్నీ కలిపి 92 వేలు. మామూలు వెర్షన్ 80 వేలు. తెప్పించే ఆయన రెండేళ్లలో డబల్ అవుతుందంటున్నాడు. 20 వేలు అడ్వాన్సు కట్టాలి, అది వాపస్ రాదు. బాపు మాత్రం "ఆ పైసలతో బంగారం కొంటే అక్కరకొస్తది" అంటున్నాడు. ఇది కూడా పెట్టుబడే అని ఆయనకు చెప్పి కొనాలని ఉంది. లిమిటెడ్ ఎడిషన్ చూసి కొనాలా? రీసేల్ వాల్యూ నిజంగా ఉంటదా? వచ్చే ఏడు పెళ్లి కూడా అనుకుంటున్నారు, అందుకే టెన్షన్.

సమాధానం: తమ్మీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. స్టాచ్యూ గురించి రాసిన దాంట్లో 1500 ఉంది, ఇంకో తల ఉంది, 92 వేలు ఉంది, రెండేళ్లలో డబల్ ఉంది. బ్యాట్‌మ్యాన్ ఎట్లా నిలబడ్డాడు, ఆ ముఖం ఎట్లా ఉంది, ఫొటో చూడగానే నీకు ఏమనిపించింది, అది మాత్రం ఎక్కడా లేదు. గోకు గురించి ఒక్క వాక్యమే రాశావు, దాంట్లో ధర లేదు, ఎడిషన్ లేదు, కానీ వాణ్ణి చూడకుండా బయటికి పోనన్నావు. నాకు ఆ వాక్యం దగ్గరే మనసు ఆగిపోయింది. అయినా నువ్వు అడిగింది లెక్క కాబట్టి ముందు లెక్కే చెబుతాను. రైస్ మిల్లులో అకౌంట్స్ చూసేవాడికి 92 వేలు సంపాదించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఒక్క మాటలో చెప్పాలంటే, పెట్టుబడి అనుకుని కొంటే వద్దు. అమ్ముడుపోయే విలువ అసలు చూడొద్దని నేను అనను, అది పనికొచ్చే చోటు ఒకటుంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఈ లిమిటెడ్ అనే మాట సంగతి. అమ్మేవాళ్లు వేర్వేరు వాటినన్నిటినీ ఇదే పేరుతో పిలుస్తారు. సైడ్‌షో, ప్రైమ్ 1 స్టూడియో లాంటి కంపెనీల స్టాచ్యూలకు బేస్ కింద నంబరు ఉంటుంది, 412/1500 అన్నట్టు. ఇది లెక్కకు నిలబడే లిమిటెడ్. ఎక్స్‌క్లూజివ్ అనేది ఇంకో సంగతి, బొమ్మ అదే, మార్చి పెట్టుకోవడానికి ఒక చెయ్యో, తలో, ఆయుధమో ఎక్కువ వస్తుంది, అంతే. ఇక ప్రీమియం బాండాయ్ (జపాన్ బొమ్మల కంపెనీ బాండాయ్ ఆన్‌లైన్ దుకాణం) లాంటి చోట్ల ఉండేది గడువు పద్ధతి. ఫలానా తేదీ దాకా ఆర్డర్లు తీసుకుంటారు, ఎన్ని వస్తే అన్ని చేస్తారు. ఐదు వందల మంది అడిగితే ఐదు వందలు, యాభై వేల మంది అడిగితే యాభై వేలు. గడువు దాటాక దొరకదు కాబట్టి దాన్నీ లిమిటెడ్ అంటారు. వెనకట అమెరికాలో గోడకు తగిలించే పింగాణీ పళ్లేలు అమ్మిన కంపెనీలు కూడా అచ్చం ఇదే చేశాయి. "ఇన్ని రోజులే బట్టీలో కాలుస్తాం" అని రాసేవాళ్లు, రోజుకు ఎన్ని కాలుస్తారో రాసేవాళ్లు కాదు. పిల్లలకు ఆస్తి అవుతుందని ఎందరో కొని దాచుకున్నారు, ఇప్పుడు వాటిలో చాలావరకు కొన్న ధరకు కూడా పోవడం లేదు.

నీ స్టాచ్యూ మొదటి రకం, నంబరు ఉన్నది, సరే. కానీ 1500 అనేది ఎన్ని చేశారో చెబుతుంది, ఎంతమందికి కావాలో చెప్పదు. ధర పెరగాలంటే 1500 మందికీ దొరికాక ఇంకో మనిషి మిగలాలి, వాడి దగ్గర పైసలుండాలి, వాడికి అదే కావాలి, నువ్వు అమ్మే రోజుకు కావాలి. 1500 చేసి వెయ్యి మందే కొంటే మిగతా ఐదు వందలు దుకాణాల్లోనే ఉంటాయి, ఏడాది తిరిగేసరికి తగ్గింపు మీద అమ్ముతారు. అప్పుడు నీ బేస్ కింద ఏ నంబరున్నా ఒకటే. పైగా బ్యాట్‌మ్యాన్ అంటే ప్రతి కంపెనీ ప్రతి ఏడూ చేసే బొమ్మ. ఈ ఒక్క స్టాచ్యూ 1500 కావచ్చు, అన్ని కంపెనీల బ్యాట్‌మ్యాన్‌లు కలిపితే కొనేవాడికి ఏం తక్కువ?

మన వైపు పుట్టపాకలో తేలియా రుమాల్ నేస్తారు కదా. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి, ఆ తర్వాత ముడులు కట్టి రంగులద్ది నేస్తారు. దానికి 2020లో జీఐ, అంటే ఆ ఊరి సరుకన్న భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ బట్ట తక్కువగా ఎందుకు దొరుకుతుందంటే, నేసే చేతులు తక్కువ, ఒక్కోదానికి పట్టే రోజులు ఎక్కువ. ఎవరూ కూర్చుని ఇన్నే నేద్దామని తీర్మానం చేయలేదు. బొమ్మల్లో కూడా ఇట్లాంటి కరువు ఉంది. జపాన్‌లో ఏడాదికి రెండుసార్లు వండర్ ఫెస్టివల్ జరుగుతుంది, చిబాలోని మకుహారి మెస్సేలో. అక్కడ ఇంట్లో కూర్చుని సొంతంగా బొమ్మలు చెక్కే మనుషులు ఆ పాత్ర హక్కులున్నవాళ్ల దగ్గర ఆ ఒక్క రోజుకు మాత్రం చెల్లే అనుమతి తీసుకుని, తాము పోతపోసిన నలభయ్యో యాభయ్యో అతికించుకునే బొమ్మల కిట్లు టేబుల్ మీద పెట్టి అమ్ముకుంటారు. సాయంత్రానికి అనుమతి అయిపోతుంది. నాకు ఆ పద్ధతి అంటే ఎంత ఇష్టమో చెప్పలేను. అందులో ఒక మనిషి చేతి పని ఉంది. ఫ్యాక్టరీ వాళ్లు ఎన్ని కావాలంటే అన్ని చేయగలిగీ 1500 దగ్గర ఆపడం వేరే రకం, దాన్ని తప్పు అనను, కానీ రెండిటికీ ఒకే విలువ కట్టలేం.

ఇంకో సంగతి, ఇది ఈ రంగంలో కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది గమనించరు. 1970ల చివర్లో వచ్చిన స్టార్ వార్స్ బొమ్మలకు ఇవాళ లక్షలు పలుకుతున్నాయంటే, అవి వచ్చినప్పుడు ఎవరూ దాచుకోవాలనుకోలేదు. పిల్లలు ఆడుకున్నారు, విరగ్గొట్టారు, పారేశారు, డబ్బాలు చించేశారు. మిగిలినవి కొన్నే కాబట్టి ధర వచ్చింది. ఆ వరుసలో రాకెట్ పేల్చే బోబా ఫెట్ అని ఒకటుంది, 1979లో చేసిన నమూనా, పిల్లల గొంతులో ఇరుక్కుంటుందన్న భయంతో దుకాణాల దాకా రానేలేదు. అట్లాంటిది ఒకటి 2024 వేలంలో 5,25,000 డాలర్లకు పోయింది. ఇప్పుడు దీని పక్కన 1990ల నాటి బీనీ బేబీస్ అనే చిన్న గుడ్డ బొమ్మలను పెట్టి చూడు. కంపెనీయే కొన్నిటిని ఆపేస్తూ కరువు సృష్టించింది, జనం వెర్రిగా కొన్నారు, చెవికి ఉన్న ట్యాగు నలగకుండా దానికి ప్లాస్టిక్ తొడుగు కూడా వేశారు. 1999లో మొత్తం ఆపేస్తున్నామని ప్రకటించారు, ఆ తర్వాత కొద్ది కాలానికే ధరలు కూలిపోయాయి. అందరూ జాగ్రత్తగా దాచుకున్నప్పుడు అది ఎవరి దగ్గరైనా దొరికే సామానే కదా. మనం కొనే ఖరీదైన బొమ్మలన్నీ ఈ రెండో లెక్కలోకే వస్తాయి. 1500 మందిలో డబ్బా పారేసేవాడు ఒక్కడైనా ఉంటాడా?

సరే, ధర పెరిగినవి అసలు లేవా అంటే ఉన్నాయి. హాట్ టాయ్స్ వాళ్ల 1/6 బొమ్మల్లో కొన్నిటికి మార్కెట్లో లేని రోజుల్లో రెండింతలు, మూడింతలు పెట్టి కొన్నవాళ్లు నాకు తెలుసు. కానీ అక్కడ ఇంకో దెబ్బ కాచుకుని ఉంటుంది. 2008లో వాళ్ల ఐరన్ మ్యాన్ మార్క్ 3 వచ్చింది. అప్పటికి అది గొప్ప బొమ్మ. ఆ తర్వాత అదే మార్క్ 3 లోహపు భాగాలతో డైకాస్ట్‌గా వచ్చింది, ఆ తర్వాత ఇంకా మంచి పనితనంతో 2.0 కూడా వచ్చింది. కొత్తది వచ్చిన ప్రతిసారీ పాతదాన్ని పెట్టుబడి అనుకుని పెట్టుకున్నవాడి గుండె జారింది, ఇష్టపడి పెట్టుకున్నవాడికి మాత్రం అల్మారాలో ఉన్నది అల్మారాలోనే ఉంది. జపాన్ వాళ్లూ అంతే, గుడ్ స్మైల్ కంపెనీ వాళ్లు నెండోరాయిడ్ అనే పెద్ద తల చిన్న బొమ్మలను గిరాకీ చూసి మళ్లీ మళ్లీ వేస్తుంటారు. రీ ఇష్యూ అని ప్రకటన వచ్చిన వారానికే పాతవాటి ధర దిగిపోతుంది. నంబరు వేసిన స్టాచ్యూను అచ్చంగా మళ్లీ వేయరు, నిజమే. కానీ అదే పాత్ర, అదే వేషం, ఇంకా పెద్ద సైజులో రెండేళ్లకు వస్తే నిన్ను అడిగేదెవరు?

ఇప్పుడు నీ 92 వేల సంగతి. విదేశీ బొమ్మల మీద మన దేశంలో దిగుమతి సుంకం 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. అది బొమ్మ ధర మీద ఒక్కటే పడదు, రవాణా ఖర్చు కలిపి దాని మీద పడుతుంది. ఒక బొమ్మ అక్కడ 35 వేలు, ఇక్కడికి తేవడానికి 8 వేలు అనుకో, 43 వేల మీద 70 శాతం అంటే 30,100. దాని మీద జీఎస్టీ, తెప్పించే ఆయన కమీషన్. కస్టమ్స్ వాళ్లు దాన్ని ఆటబొమ్మల కింద లెక్కిస్తే ఇంతవుతుంది. అంటే నువ్వు కట్టే 92 వేలలో బొమ్మ అసలు ధర సగం కూడా ఉండకపోవచ్చు, మిగతాది దారిలోనే అయిపోతుంది. రేపు నువ్వు అమ్మేటప్పుడు సింగపూర్‌లోనో అమెరికాలోనో ఉన్నవాడు నీ సుంకం నీకెందుకు కడతాడు? వాడికి ఆ 35 వేల బొమ్మ అక్కడే దొరుకుతుంది. నీ దగ్గర కొనేది మన దేశంలో ఉన్నవాడే, ఇంత పెట్టగలిగినవాళ్లు హైదరాబాద్, బెంగళూరు, ముంబైలో కొందరుంటారు, వాళ్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే, బేరం ఆడటంలో మన గడియారం సెంటర్ దగ్గర కూరగాయలు కొనేవాళ్ల కంటే గట్టివాళ్లు.

నువ్వు అకౌంట్స్ మనిషివి కాబట్టి ఇదీ వేసి చూడు. 92 వేలు 7 శాతం వడ్డీకి ఎఫ్‌డీ వేస్తే రెండేళ్లకు సుమారు 1,05,300. ఆ స్టాచ్యూ అమ్మి అంత చేతికి రావాలంటే, అమ్మకం సైటు కమీషన్ 12 శాతం అనుకుని, ప్యాకింగు, కొరియర్ 6 వేలు అనుకుంటే, 1,26,000కు పైన అమ్మాలి. దాంతో ఎఫ్‌డీతో సమానం అవుతుంది, అంతే, డబల్ మాట దేవుడెరుగు. బంగారం అయితే 2025లోనే తులం లక్ష దాటింది. మీ బాపు చెప్పిన దాంట్లో తప్పేం లేదు తమ్మీ. ఇంట్లో ఎవరికైనా రాత్రి పూట ఆసుపత్రి అవసరం వస్తే, తెల్లారి ప్రకాశం బజార్‌లో గొలుసు తాకట్టు పెడితే పది నిమిషాల్లో పైసలు చేతిలో ఉంటాయి. బ్యాట్‌మ్యాన్‌ను పట్టుకుని పోతే ఎవరు పెట్టుకుంటారు? కొనేవాడు దొరికేదాకా నెలలు ఆగాలి, ఆగలేనివాడు సగానికి ఇచ్చేస్తాడు.

ఇంకోటి, మన ఎండ. దీని గురించి బయటి దేశాల వాళ్లు రాసిన సలహాల్లో ఉండదు, ఎందుకంటే వాళ్లకు మే నెలలో 44, 45 డిగ్రీలు తెలియవు. నల్లగొండలో రెండో అంతస్తు ఇంట్లో మధ్యాహ్నం గోడ మీద చెయ్యి పెట్టి చూడు. పీవీసీ బొమ్మలో ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే పదార్థం వేడికి మెల్లగా పైకి ఊరుతుంది, బొమ్మ చేతికి జిగటగా తగులుతుంది, దుమ్ము అంటుకుపోతుంది. ఒంటికాలి మీద నిలబడిన బొమ్మలు ఒకవైపు వంగిపోతాయి. తెల్ల రంగు పసుపు తిరుగుతుంది. సీలు తీయకుండా డబ్బాలో పెడితే భద్రమనుకుంటారు చూడు, అదీ పొరపాటే, గాలి ఆడక ఆ జిగట లోపలే పేరుకుంటుంది. 1/6 బొమ్మలకు తొడిగే నకిలీ తోలు జాకెట్లు ఇంకా ఘోరం, అది పాలీయురితేన్ పూత, గాలిలో తేమకు కొన్నేళ్లలో పొరలు పొరలుగా రాలిపోతుంది, వేడి తోడైతే ఇంకా తొందరగా. కళ్లల్లో లైటు వెలగడానికి పెట్టే చిన్న బ్యాటరీలు తీయకపోతే కారి లోపలి తీగలను తినేస్తాయి.

ఇదంతా ఎక్కడో చదివి చెప్పడం లేదు. 2016లో నేను పాలమూరులో ఒక 1/6 బొమ్మ కొన్నాను, ఆ పాత్ర అంటే నాకు పెద్ద ఇష్టం కూడా కాదు, లిమిటెడ్ అన్నారు, డబల్ అవుతుందన్నారు, నమ్మాను. డబ్బా తెరవకుండా మెట్టుగడ్డ ఇంట్లో సజ్జ మీద పెట్టాను. ఐదేళ్లు అక్కడే ఉంది. చెల్లె ఫీజుకు పైసలు అవసరమై అమ్మకానికి పెడితే పుణె నుంచి ఒకాయన మంచి ధర చెప్పాడు, పంపే ముందు తెరిచి వీడియో చూపించమన్నాడు. తెరిచాను. జాకెట్ భుజాల దగ్గర మొత్తం రేకులు రేకులుగా లేచి వచ్చింది, చేత్తో ముట్టుకుంటే నల్లటి పొట్టు రాలింది. ఆయన తప్పేం లేదు, వద్దన్నాడు. చివరికి కొన్న ధరలో మూడో వంతుకు ఇంకొకాయన తీసుకున్నాడు. పైసలు పోయినందుకు బాధ ఉంది కానీ, అంతకంటే బాధ ఏమిటంటే ఐదేళ్లు ఒక బొమ్మ నా ఇంట్లో ఉండి ఒక్కరోజు కూడా నేను దాని ముఖం చూడలేదు.

అదే ఇంట్లో జపాన్ ఆల్టర్ కంపెనీది ఒక 1/8 బొమ్మ ఉంది. పాతది, వాడింది, ఆరున్నర వేలకు కొన్నాను, డబ్బా ఒక మూల చిరిగి ఉంది, దాని మీద లిమిటెడ్ అనే మాటే లేదు. గాలికి లేచిన ఆ బట్ట అంచులో శిల్పి చెక్కిన మడత ఉంది చూడు, ఆ ఒక్క మడత నేను ఎన్నిసార్లు చూశానో. సాయంత్రం లైటు పక్క నుంచి పడితే నీడ ఒకలా ఉంటుంది, పొద్దున ఇంకోలా ఉంటుంది. దాన్ని ఎవరైనా ఎంతకు అడుగుతారో నేను ఎప్పుడూ వెతకలేదు.

మా అమ్మ దగ్గర పెళ్లినాటి గద్వాల చీర ఉంది. "పాత పట్టుచీరలు కొంటాం" అని వీధిలోకి వచ్చేవాళ్లకు ఒకసారి పక్కింటావిడ చూపించమంటే చూపించింది. వాళ్లు జరీ అంచు వేళ్లతో నలిపి అందులో వెండి ఎంతుందో చూసి ధర చెప్పారు. ఆ నేతతో, ఆ రంగుతో వాళ్లకు పని లేదు. అమ్మ చీర మడిచి లోపల పెట్టేసింది, ఇప్పటికీ ప్రతి ఉగాదికి కడుతుంది. రీసేల్ అనేది ఆ జరీ తూకం లాంటిది. కష్టకాలంలో ఎంతో కొంత వస్తుంది, మంచిదే, కానీ చీర కొనేటప్పుడు ఎవరూ తూకం చూసి రంగు ఎంచుకోరు కదా.

ఇక అది పనికొచ్చే చోటు చెబుతానన్నాను. మన ఇష్టాలు మారతాయి. ఇవాళ ప్రాణంగా కొన్నది ఐదేళ్లకు మనసులోంచి పోవచ్చు, ఇల్లు మారొచ్చు, అవసరం రావొచ్చు. అప్పుడు అమ్ముకుని సగమో ముప్పావో వెనక్కి తెచ్చుకునే దారి ఉండాలి. దానికి లిమిటెడ్ కంటే చిన్న చిన్న జాగ్రత్తలే ఎక్కువ పనిచేస్తాయి. బొమ్మల డబ్బా, దాని పైన వచ్చే గోధుమరంగు అట్టపెట్టె, లోపలి థర్మోకోల్, చిన్న చేతులు, స్టాండు, బిల్లు, ఇవన్నీ ఉంచు. తెచ్చిన రోజే తెరిచి, వీడియో తీసి, ఏ ముక్కైనా విరిగిందేమో చూడు, ఎందుకంటే ఈ స్టాచ్యూలు రెజిన్‌లో రాతిపొడి కలిపి పోసినవి, బరువు ఎక్కువ, పడితే పింగాణీలా పగులుతాయి. ధర చూడాలంటే అమ్మేవాళ్లు అడిగే ధర చూడకు, దాన్ని ఎవరైనా ఎంతైనా రాసుకోవచ్చు. ఈబేలో అమ్ముడుపోయినవి మాత్రమే చూపించే ఫిల్టరు ఉంది, అది పెట్టి చూడు. జపాన్ బొమ్మలకైతే అమియామీ అనే అక్కడి ఆన్‌లైన్ దుకాణంలో పాతవి అమ్మే విభాగం చూడు, బొమ్మకు ఒక గ్రేడు, డబ్బాకు ఒక గ్రేడు వేరువేరుగా రాస్తారు, విడుదలప్పటి ధరకంటే తక్కువకు ఎన్ని మంచి బొమ్మలు అక్కడ కూర్చున్నాయో చూస్తే నీకే అర్థమవుతుంది. ఆ పని రెండు గంటలు చెయ్యి, రెండేళ్లలో డబల్ అన్న మాట ఎంతవరకు నిజమో నేను చెప్పక్కర్లేదు. ఆ తెప్పించే ఆయన చెడ్డవాడని కాదు. ఆయనకు ఇవాళ నీ 20 వేలు కావాలి, రెండేళ్ల తర్వాత నీ బొమ్మ కొనే బాధ్యత ఆయన మీద లేదు. నమ్మకం లేకపోతే ఒక్క మాట అడుగు, "రెండేళ్లకు లక్షన్నరకే నాకు ఇచ్చేస్తా, రాసిస్తావా" అని.

ఎక్స్‌క్లూజివ్‌కు 12 వేలు ఎక్కువ పెట్టాలా అన్నది మాత్రం తేలిగ్గానే తేలుతుంది. ఆ రెండు తలల ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూడు. అదనపు తలే నీకు నచ్చి, దాన్నే పెట్టి ఉంచుతాననుకుంటే ఆ 12 వేలకు అర్థం ఉంది. మామూలు తలే బాగుంటే ఇంకోటి డబ్బాలో పడి ఉండటానికి 12 వేలు దేనికి? దాంతో నీకు మంచి అద్దాల అల్మారా వస్తుంది, అది నీ ఏడు బొమ్మలకూ పనికొస్తుంది.

అడ్వాన్సు విషయంలో తొందరపడకు. ప్రీ ఆర్డర్ స్టాచ్యూలు చెప్పిన తేదీకి రావడం నేను చాలా తక్కువ చూశాను, నెలలు దాటుతాయి, ఒక్కోసారి ఏడాది. నీ పెళ్లి పనుల మధ్యలో ఫోన్ వచ్చి మిగతా 72 వేలు కట్టమంటే ఎక్కడి నుంచి తెస్తావు? కట్టలేకపోతే 20 వేలు పోతాయి. పెళ్లి ఖర్చు, దాని తర్వాత ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాక కూడా ఈ 92 వేలు మిగిలి ఉంటే, అవి పూర్తిగా పోయినా ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేకపోతే, అప్పుడు ఆలోచించు. అప్పు చేసి, కార్డు మీద ఈఎంఐ పెట్టి మాత్రం వద్దు, అది అన్నగా గట్టిగా చెబుతున్నా. నంబరు వేసిన స్టాచ్యూలు కూడా ఏడాది, రెండేళ్లకు వాడినవి అమ్మకానికి వస్తాయి, పెళ్లయి కాస్త స్థిరపడ్డాక నిదానంగా వెతుక్కోవచ్చు. అప్పటికి కొంచెం ఎక్కువైనా కానీ, అప్పుడు కూడా కావాలనిపిస్తే అది నిజంగా కావాల్సిందే.

బాపుకు పెట్టుబడి అని చెబుతానన్నావు చూడు, అది వద్దు తమ్మీ. ఆయన మర్చిపోడు. రెండేళ్ల తర్వాత నలుగురు చుట్టాల ముందు "ఏమైందిరా నీ బొమ్మ, డబల్ అయిందా" అని అడుగుతాడు, నువ్వు ఇంకో అబద్ధం వెతుక్కోవాలి. అంతకన్నా నష్టం ఏంటంటే, ఆ మాట చెప్పిన రోజు నుంచి నువ్వే ఆ బొమ్మను తాకడానికి భయపడతావు, డబ్బా తెరవవు, ధర పడిపోయిందేమో అని రోజూ ఫోన్‌లో చూసుకుంటావు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. "బాపూ, ఇది నాకు ఇష్టం, పెళ్లికి ఇంత పక్కన పెట్టాను, బంగారానికి ఇంత పెట్టాను, మిగిలిన దాంతో ఇది కొంటున్నా" అని చెప్పు. తిడతాడేమో, తిట్టనీ. పొలం పనుల రోజుల్లో కూడా బీడీకట్టతో పాటు ఏదో ఒక చిన్న ఇష్టానికి పైసలు ఖర్చు పెట్టని తండ్రి మన వైపు ఎవరున్నారు? కొంచెం సమయం పట్టొచ్చు కానీ ఆయనకు అర్థమవుతుంది. పెళ్లికూతురికి కూడా ముందే చెప్పు, ఏడు బొమ్మలున్నాయని, ఎందుకున్నాయో, గోకు ఎవరో. ఆ అమ్మాయి పెళ్లయ్యాక ధర తెలుసుకుని ఆశ్చర్యపోవడం కంటే ఇదే నయం.

ఇంకో పది రోజుల్లో ఆ బ్యాట్‌మ్యాన్ గురించి నాకు మళ్లీ రాయి. ఈసారి అంకెలు వద్దు. వాడి ముఖం గురించి, వీపు మీది కేప్ మడతల గురించి, వాణ్ణి ఇంట్లో ఏ మూల పెడతావో దాని గురించి రాయి. రాయడానికి ఏమీ తోచకపోతే అడ్వాన్సు కట్టకు.

ఆలోపు ఒక పని చెయ్యి. గోకు ఉన్న టేబుల్ కిటికీ పక్కన, పడమటి ఎండ తగిలే చోట ఉంటే, ఎండాకాలం రాకముందే వాణ్ణి లోపలి గోడ వైపు జరుపు. చేతికి జిగటగా తగిలితే గోరువెచ్చని నీళ్లలో కొంచెం సబ్బు కలిపి మెత్తటి బ్రష్‌తో కడిగి, నీడలో ఆరబెట్టు.